చిన్న బరో, పెద్ద బాధ్యత: మెటచెన్ స్వపరిపాలన

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూజెర్సీ రాష్ట్రమునందు మెటచెన్ అను చిన్న పట్టణము కలదు. అది న్యూయార్కు మహానగరమునకు నైరుతి దిక్కున సుమారు 45 కిలోమీటర్ల దూరమున రైలుమార్గముపై నున్నది. విస్తీర్ణము 7 చదరపు కిలోమీటర్లకు కొంచెము ఎక్కువ. 2020 జనాభా లెక్కల ప్రకారము అచ్చటి ప్రజలు 15,049 మంది; మన ప్రాంతములోని ఒక పెద్ద పంచాయతి జనాభా యంత. ఈ పట్టణమును నాలుగు వైపులను చుట్టుకొని ఎడిసన్ అను టౌన్‌షిప్పు ఉన్నది. దాని జనాభా అదే లెక్కల ప్రకారము 1,07,588. అనగా మెటచెన్‌కు ఏడు రెట్లు. మెటచెన్ పౌరుడు ఏ దిక్కునకు బయలుదేరినను పొలిమేర దాటగానే ఎడిసన్‌లోనే అడుగు పెట్టవలెను.

ఇంత పెద్ద పొరుగు నడుమ నుండి కూడ ఈ చిన్న ఊరు 1900వ సంవత్సరము మొదలు తన పేరును, తన పాలకవర్గమును, తన పాఠశాలలను, తన పన్ను పుస్తకమును నిలుపుకొనుచు వచ్చినది. ఇది ఎట్లు సాధ్యమైనది? అందులకు అచ్చటి ప్రజలు చెల్లించు మూల్యమేమి? చిన్నదిగా నుండుట ఎల్లప్పుడును మేలేనా?

ఈ ప్రశ్నలు మనకు దూరమైనవి కావు. మన నగరముల అంచున నున్న గ్రామములలో “మన ఊరు పంచాయతిగా నిలుచునా, పట్టణములో కలియునా” అను మాట తరచు వినవచ్చుచున్నది. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టముతో నాలుగు వేలకు పైగా కొత్త గ్రామ పంచాయతీలు ఏర్పడినవి. అనేక తండాలకును శివారు పల్లెలకును తమ పంచాయతి తమకు లభించినది. ఒక వైపున పెద్దవాని విభజన, వేరొక వైపున చిన్నవాని విలీనము జరుగుచున్న కాలమిది. కావున ఒక చిన్న స్వపరిపాలనా సంస్థ తన బ్రతుకును ఎట్లు దిద్దుకొన్నదో తెలిసికొనుట పంచాయతి సభ్యులకు ఉపయోగకరము.

బరో అనగానేమి?

న్యూజెర్సీ రాష్ట్రములో ఏ మునిసిపాలిటీకిని చెందని భూమి సెంటైనను లేదు. రాష్ట్రమంతయు 564 మునిసిపాలిటీలుగా విభజింపబడి యున్నది. చట్టము వీనికి బరో, టౌన్‌షిప్పు, సిటీ, టౌను, విలేజి అను ఐదు పేర్లను ఇచ్చినది. పేరును బట్టి పెద్ద, చిన్న అని నిర్ణయింపరాదు. లక్షకు పైగా జనాభా గల ఎడిసన్ టౌన్‌షిప్పే; పదిహేను వేల జనాభా గల మెటచెన్ బరోయే. ముఖ్యవిషయ మేమనగా, ఒక మునిసిపాలిటీ వేరొక మునిసిపాలిటీ క్రింద నుండదు. మెటచెన్ ఎడిసన్‌లో భాగము కాదు. ఎడిసన్ అధికారి ఆజ్ఞ మెటచెన్ వీధిలో చెల్లదు. ఈ రెండింటికిని పైన మిడిల్‌సెక్స్ కౌంటీ కలదు. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. న్యూజెర్సీలో ఇట్టి కౌంటీలు 21.

బరోల చరిత్రలో 1894వ సంవత్సరము ప్రసిద్ధమైనది. ఆ ఏట చేయబడిన ఒక చట్టము ప్రతి టౌన్‌షిప్పులోను వేరువేరుగా నున్న చిన్న పాఠశాల విభాగములను కలిపి ఒకటిగా చేసెను. అప్పుడు, దూరపు పల్లెలోని పాఠశాలకు తామెందులకు పన్ను కట్టవలెనని తలచిన వారు టౌన్‌షిప్పుల నుండి విడిపోయి బరోలుగా ఏర్పడిరి. బెర్గెన్ కౌంటీ ఒక్కదానిలోనే ఆ సంవత్సరమున ఇరువదికి పైగా కొత్త బరోలు పుట్టినవి. ఈ వెల్లువను పరిహాసముగా “బరో జాడ్యము” అని పిలిచిరి. స్వపరిపాలన యందలి మక్కువతో పాటు, మన డబ్బు మన వీధి దాటరాదను స్వార్థము కూడ ఇందు కొంత కలదని మనము గుర్తింపవలెను. ఆ స్వార్థము తెచ్చిన చిక్కులను ముందు చూతము.

మెటచెన్ పుట్టుక

1830 దశాబ్దమున న్యూజెర్సీ మధ్యభాగమునకు రైలు వచ్చెను. స్టేషను చుట్టు ఇండ్లు, అంగళ్ళు పెరిగినవి. 1870లో రారిటన్ టౌన్‌షిప్పు ఏర్పడినప్పుడు మెటచెన్ అందులో ఒక గ్రామము. చుట్టుపట్ల నున్నవి పొలములు. స్టేషను ప్రాంతము మాత్రము పట్టణపు పోలిక. పొలములవారి అవసరములు వేరు, స్టేషను ప్రక్క నివసించువారి అవసరములు వేరు. 1900 మార్చి 20వ తేదీన మెటచెన్ ఆ టౌన్‌షిప్పు నుండి విడివడి బరో అయ్యెను.

ఆ కాలమున రచయితలు, చిత్రకారులు పలువురు నగరపు రద్దీకి దూరముగా, రైలుకు దగ్గరగా నుండునని ఈ ఊరిలో నివాసమేర్పరచుకొనిరి. ప్రసిద్ధ కథారచయిత్రి మేరీ విల్కిన్స్ ఫ్రీమన్ వీరిలో ఒకరు. అందువలన మెటచెన్‌కు “మేధావుల బరో” అను ముద్దుపేరు వచ్చినది.

మెటచెన్ విడిపోయిన రారిటన్ టౌన్‌షిప్పులోనే మెన్లో పార్కు అను పల్లె కలదు. థామస్ ఆల్వా ఎడిసన్ 1876లో అచ్చట ప్రయోగశాల స్థాపించి, 1879లో చాలసేపు వెలుగు విద్యుద్దీపమును సాధించెను. ఆయన గౌరవార్థము ఆ టౌన్‌షిప్పు 1954లో ఎడిసన్ అని పేరు మార్చుకొనెను. మెటచెన్‌ను చుట్టుకొని యున్న ఎడిసన్ అదియే.

అచ్చటి ప్రజలు

మెటచెన్ శివారు పట్టణము. పగలు అనేకులు రైలెక్కి న్యూయార్కునకో, నెవార్కునకో, ఇతర పట్టణములకో ఉద్యోగములకు పోవుదురు. సాయంకాలమునకు తిరిగి వత్తురు. జనాభా నిదానముగా పెరుగుచున్నది. 2000లో 12,840, 2010లో 13,574, 2020లో 15,049. స్టేషను సమీపమున అంతస్తుల మేడలు వచ్చినవి. ఆసియా ఖండము నుండి వచ్చిన కుటుంబములు పెరిగినవి.

పొరుగు ఎడిసన్‌లో ఈ మార్పు మరింత స్పష్టము. 2010 జనాభా లెక్కలలోనే అచ్చట ప్రతి నలుగురిలో ఒకరికంటె ఎక్కువగా భారత సంతతివారు. ఎడిసన్, ఐసెలిన్‌లను కలుపు ఓక్ ట్రీ రోడ్డు పొడుగున భారతీయుల అంగళ్ళే. ఈ ప్రాంతమునందు మన తెలుగు కుటుంబములును చాల కలవు. మన పల్లెలలో అమెరికా పోయిన బిడ్డలు గల ఇండ్లను అడిగినచో, ఎడిసన్ పేరు విననివారు అరుదు. 2022 జనవరిలో ఎడిసన్ మేయరుగా భారత సంతతికి చెందిన శామ్ జోషి పదవిని స్వీకరించెను.

అచ్చటి చట్టము ప్రకారము పౌరసత్వము గలవారికే ఓటు. వీసాపై నున్నవారు ఇల్లు కొని పన్ను కట్టుచున్నను ఓటు వేయజాలరు. అయినను కౌన్సిలు సభకు పోయి లేచి మాట్లాడుటకు ఓటు అవసరము లేదు. ఈ అవకాశము విలువ ముందు తెలియగలదు.

మేయరు, కౌన్సిలు

బరో పాలన సులభముగా అర్థమగు నిర్మాణము. ఒక మేయరు, ఆరుగురు కౌన్సిలు సభ్యులు. అందరిని ఊరంతయు కలిసి ఎన్నుకొనును, వార్డులు లేవు. మేయరు పదవీకాలము 4 సంవత్సరములు. కౌన్సిలు సభ్యుని పదవీకాలము 3 సంవత్సరములు. కాని ఆరుగురును ఒకేసారి మారరు. ప్రతి సంవత్సరము ఇద్దరి స్థానములకు ఎన్నిక జరుగును. ఇందువలన ఏ ఏటనైనను సభలో అనుభవజ్ఞులు నలుగురు మిగిలియుందురు. ప్రజల అసంతృప్తి కూడ ఐదేండ్లు పేరుకొనక, ఏటేట ఓటుపెట్టె ద్వారా తెలియుచుండును.

మన సర్పంచువలెనే మేయరును ప్రజలే నేరుగా ఎన్నుకొందురు. మేయరు సభకు అధ్యక్షత వహించును గాని సాధారణముగా ఓటు వేయడు. ఓట్లు సరిసమానమైనప్పుడు మాత్రమే ఆయన ఓటు పనికివచ్చును. సభ చేసిన శాసనమును మేయరు నిరాకరింపవచ్చును. మూడింట రెండు వంతుల సభ్యులు తిరిగి పట్టుపట్టినచో అది నెగ్గును. నియామకములను మేయరు ప్రతిపాదించును, కౌన్సిలు ఆమోదింపవలెను. అనగా మేయరు ఊరి ముఖము. అధికారము మాత్రము సభది.

ఎడిసన్ మార్గము వేరు. అచ్చట మేయరునకు కార్యనిర్వహణాధికారము విశేషముగా కలదు. ఏడుగురు సభ్యుల కౌన్సిలు శాసనములు చేయును. పెద్ద ఊరికి ఆ పద్ధతి తగినదని అచ్చటి ప్రజలు ఎంచుకొనిరి. ఒకే రాష్ట్రములో, ఒకే పొలిమేరకు ఇరువైపుల రెండు పద్ధతులు నడచుచున్నవి. పాలనా రూపమును ఎంచుకొనుటలో ప్రజలకు ఇంత స్వేచ్ఛ కలదు.

ఎన్నికైనవారు విధానము నిర్ణయింతురు; దినవారీ పని వృత్తి ఉద్యోగులు చేయుదురు. బరో క్లర్కు, పన్ను వసూలుదారు, ఆర్థికాధికారి మొదలగువారు రాష్ట్రము నిర్ణయించిన శిక్షణ పొంది, అర్హతాపత్రము గలవారై యుండవలెను. సభా నిర్ణయముల పుస్తకము, శాసనముల పుస్తకము క్లర్కు అధీనములో నుండును. పాలకవర్గము మారినను పుస్తకము మారదు.

పాఠశాలల పాలన కౌన్సిలు చేతిలో లేదు. ఎన్నికైన విద్యాబోర్డు వేరుగా నుండును. బోర్డు సభ్యులకు వేతనము లేదు. ఇక ఊరి నిర్మాణ ప్రణాళిక, ఆరోగ్యము, గ్రంథాలయము మున్నగువానికి సాధారణ పౌరులు సభ్యులుగా గల బోర్డులు పనిచేయును. న్యూజెర్సీలోని అనేక చిన్న ఊళ్ళలో మంటలార్పు దళము కూడ స్వచ్ఛంద సేవకులతోనే నడచుచున్నది. పగలు ఉద్యోగము చేసికొని, సాయంకాలము ఊరి పనికి కూర్చుండువారు లేనిచో ఇట్టి బరో నిలువదు.

పన్ను: ఇష్టము లేని మాట, తప్పని మాట

మెటచెన్ స్వాతంత్ర్యమునకు వేరు ఆస్తిపన్ను. ప్రతి ఇంటికిని, ప్రతి దుకాణమునకును బరో మదింపుదారు విలువ కట్టును. విలువ ఎక్కువైనదని తోచినవారు కౌంటీ పన్ను బోర్డునకు అప్పీలు చేసికొనవచ్చును. పన్ను ఏడాదికి నాలుగు వాయిదాలలో చెల్లింపవలెను: ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల మొదటి తేదీన. గడువు తప్పినచో వడ్డీ పడును. బాకీలో మొదటి 1,500 డాలర్లపై 8 శాతము వరకు, అంతకు మించినదానిపై 18 శాతము వరకు వడ్డీ వేయుటకు చట్టము అనుమతించుచున్నది.

పన్ను బిల్లులో సొమ్ము ఎవరికి ఎంత పోవునో వేరువేరుగా చూపబడును. పాఠశాలలకు ఇంత, కౌంటీకి ఇంత, బరోకు ఇంత. రాష్ట్రము మొత్తము మీద చూచినచో సగమునకు పైగా పాఠశాలలకే పోవును. వసూలు చేయు బాధ్యత మాత్రము బరోదే. ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. కొందరు పన్ను ఎగవేసినను, పాఠశాలలకును కౌంటీకిని చేరవలసిన మొత్తమును బరో పూర్తిగా చెల్లించి తీరవలెను. లోటు బరోదే. కావున బడ్జెటులోనే వసూలుకాని పన్నుల కొరకు కొంత నిధి కేటాయింతురు. ఒకడు ఎగవేసిన పన్నును తక్కినవారు మోయుచున్నారను సంగతి అచ్చట అంకెలలో కనబడును.

బడ్జెటు పద్ధతియు చూడదగినది. ఆదాయమునకు మించిన వ్యయమును చట్టము ఒప్పదు. బడ్జెటును సభలో ప్రవేశపెట్టిన పిదప కనీసము 28 దినములు గడచిన తరువాతనే ప్రజల విచారణ సభ జరుగును. అంతకు ముందే బడ్జెటు సారాంశము ప్రకటింపబడును. రాష్ట్రప్రభుత్వ శాఖ లెక్కలను పరిశీలించును. 2010లో చేసిన చట్టము ప్రకారము, కొన్ని మినహాయింపులతో, పన్ను మొత్తమును ఏడాదికి 2 శాతమునకు మించి పెంచరాదు. మించవలెనన్నచో ప్రజల ఓటు పొందవలెను.

ఈ వ్యవస్థ ఖరీదైనదని చెప్పక తప్పదు. న్యూజెర్సీలో ఆస్తిపన్ను అమెరికాలోకెల్ల ఎక్కువ. 2024లో అచ్చటి సగటు ఇంటిపన్ను 10,000 డాలర్లు దాటెను. 564 మునిసిపాలిటీలకు 564 కచేరీలు ఉండుట ఈ భారమునకు ఒక కారణమని విమర్శకులు అనుచుందురు. స్వపరిపాలన ఊరక రాదు.

గ్రంథాలయము విషయము మనకు దగ్గరది. ప్రజల ఓటుతో ఉచిత గ్రంథాలయము స్థాపించుకొన్న న్యూజెర్సీ మునిసిపాలిటీ, ఆస్తుల విలువను బట్టి చట్టము నిర్ణయించిన కనీస మొత్తమును ఏటేట గ్రంథాలయమునకు ఇచ్చి తీరవలెను. మన చట్టమును ఇట్టిదే. 1960 ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయముల చట్టము క్రింద ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ సెస్సు వసూలగుచున్నది. వసూలైన సెస్సు పంచాయతిది కాదు; జిల్లా గ్రంథాలయ సంస్థది. దానిని సకాలమున జమచేయుట మెటచెన్ తన పాఠశాలల సొమ్మును జమచేయుట వంటి బాధ్యతయే.

తలుపులు తెరచిన సభ

మెటచెన్‌లో ఒక వీధియందు వాహనములు నిలుపుటపై కొత్త నిబంధన పెట్టవలెనని కౌన్సిలు తలచినదనుకొందము. ఒక రాత్రిలో అది శాసనము కాదు. మొదట సభలో ప్రతిపాదనను చదువుదురు. పిమ్మట దానిని ప్రజలకు ప్రకటింతురు. మొదటి పఠనము జరిగి కనీసము 10 దినములు గడచిన తరువాతనే రెండవ పఠనము. ఆ దినమున ఎవరైనను లేచి తమ అభిప్రాయము చెప్పవచ్చును. ఆ వీధిలోని దుకాణదారు, ఆ వీధిలోని వృద్ధురాలు, అద్దె యింట నున్న విదేశీయుడు, అందరును. ఆ మాటలు విన్న పిదపనే సభ్యులు పేరు పేరున ఓటు వేయుదురు. ఎవరు అవునన్నది, ఎవరు కాదన్నది పుస్తకమున వ్రాయబడును.

సభలు బహిరంగముగా జరుగవలెనని న్యూజెర్సీలో 1975లో చట్టము చేసిరి. సభ జరుగు సంగతి, కార్యక్రమము కనీసము 48 గంటల ముందు తెలియజేయవలెను. తలుపులు మూసి చర్చింపదగిన విషయములు, అనగా వ్యాజ్యములు, ఉద్యోగుల వ్యవహారములు మున్నగునవి, చట్టము లెక్కించి చెప్పినవే. ప్రతి సభలోను ప్రజలు మాట్లాడుటకు కొంతసేపు కేటాయింపవలెను. కాగితములు చూపుట విషయమై 2002 నుండి వేరొక చట్టము అమలులో నున్నది. సాధారణముగా 7 పని దినములలో జవాబు ఈయవలెను. మన సమాచార హక్కు చట్టము 2005లో వచ్చినది. అందులో గడువు 30 దినములు.

సభలు సాయంకాలమున జరుగుట చిన్న విషయముగా తోచవచ్చును. కాని పగలంతయు వేరొక ఊరిలో పనిచేయువానికి ఊరి సభలో చోటు కల్పించునది ఈ చిన్న ఏర్పాటే. పగటి పూట, పొలము పనుల నాడు, చాటింపు లేక పెట్టిన గ్రామసభకు జనము రాలేదని విచారించుటలో న్యాయము లేదు.

చిన్నదనములోని కష్టము

చిన్న ఊరు తనంత తానుగా చేయలేని పనులు కలవు. మురుగునీటిని శుద్ధిచేయు పెద్ద కర్మాగారము ఒక్క బరో కట్టుకొనజాలదు. ఆ పని కౌంటీ స్థాయి సంస్థ పలు ఊళ్ళ కొరకు చేయును. పాత రైలుమార్గమొకటి పాడుపడగా, దానిని నడకకు, సైకిళ్ళకు అనువగు పచ్చని బాటగా మార్చి 2012లో తెరచిరి. సుమారు ఐదున్నర కిలోమీటర్ల ఆ బాట మెటచెన్, ఎడిసన్, వుడ్‌బ్రిడ్జి మూడింటి గుండ పోవును. నడచువారికి పొలిమేర కనబడదు. పాలన వేరైనను పని కలిసి చేయవచ్చునని ఈ బాట తెలుపుచున్నది. ఇట్లు సేవలను పంచుకొనుటను ప్రోత్సహించుచు రాష్ట్రము 2007లో ప్రత్యేక చట్టము చేసెను.

కొందరు ఇంకను ముందునకు పోయి పూర్తిగా కలిసిపోయిరి. ఇదే రాష్ట్రములో ప్రిన్‌స్టన్ అను విశ్వవిద్యాలయ పట్టణము కలదు. అచ్చట కూడ నడుమ బరో, చుట్టు టౌన్‌షిప్పు. రెండింటి పేరును ప్రిన్‌స్టనే. పాఠశాలలను 1960 దశాబ్దముననే కలుపుకొనిరి. పిదప పలు సేవలను కలిసి నడపిరి. రెండు ఊళ్ళను ఒకటి చేయుదమను ప్రతిపాదన మాత్రము పలుమార్లు ఓడినది. 1996లో టౌన్‌షిప్పు ఓటర్లు అంగీకరించినను బరో ఓటర్లు ఒప్పుకొనలేదు. చివరకు 2011 నవంబరులో రెండు వైపులను వేరువేరుగా ఓటు జరిగి, రెండు వైపులను అంగీకారము లభించినది. 2013 జనవరి 1 నుండి ఒకే ప్రిన్‌స్టన్ అయ్యెను. విశేషమేమనగా, కలిసిన ఊరు తన పాలనకు బరో పద్ధతినే స్వీకరించెను.

ఇందలి నీతి విలీనము మంచిదని గాని, చెడ్డదని గాని కాదు. మెటచెన్ వేరుగా నిలిచినది, ప్రిన్‌స్టన్ కలిసినది. రెండును ప్రజల సమ్మతితో జరిగినవి. పెద్ద ఊరు ఓట్ల బలముతో చిన్న ఊరిని మ్రింగకుండ, రెండింటిలోను వేరువేరుగా ఆధిక్యము రావలెనను నియమము చిన్న ఊరికి రక్ష. మన రాష్ట్రములలో గ్రామములను కలుపుటకును విడదీయుటకును అధికారము ప్రభుత్వమునకు కలదు. అట్టి ప్రతిపాదన వచ్చినప్పుడు పన్నులు, నీరు, రోడ్లు, ఉపాధి పనులు ఎట్లు మారునో లెక్కలతో గ్రామసభలో చర్చించి, స్పష్టమైన తీర్మానము వ్రాసి పంపుట పంచాయతి చేయదగిన పని. లెక్కలు లేని కేకకు విలువ తక్కువ.

మూసిన తలుపు

చిన్న ఊరి స్వాతంత్ర్యమునకు వేరొక ముఖము కలదు. ఏ స్థలములో ఎట్టి ఇల్లు కట్టవలెనో నిర్ణయించు అధికారము న్యూజెర్సీలో మునిసిపాలిటీలదే. అనేక శివారు ఊళ్ళు పెద్ద స్థలములలో పెద్ద ఇండ్లు తప్ప కట్టరాదని నిబంధనలు పెట్టినవి. పేరు చెప్పకయే పేదవారిని, నల్లజాతివారిని బయట నుంచుటకు ఈ నిబంధన చాలెను. మౌంట్ లారెల్ అను టౌన్‌షిప్పులో, తరతరములుగా అచ్చట నివసించుచున్న నల్లజాతి కుటుంబములు తమ ఊరిలోనే తమకు ఇల్లు దొరకని స్థితిలో పడెను. వారి పక్షమున వ్యాజ్యము నడచెను. 1975లోను, తిరిగి 1983లోను రాష్ట్ర సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను: స్వల్ప ఆదాయము గలవారికిని ఇండ్లు ఏర్పడు అవకాశమును ప్రతి మునిసిపాలిటీ తన వంతుగా కల్పింపవలెను. 1985లో ఇందులకై చట్టము వచ్చినది. మెటచెన్ మొదలు ప్రతి బరోయు ఈ బాధ్యతకు లోబడియే ఇండ్ల ప్రణాళిక వేసికొనవలెను.

స్వపరిపాలన యనగా ఊరిలో ముందుగా చేరినవారి పరిపాలన మాత్రమే కాదని ఈ తీర్పుల సారము. మన గ్రామములలో కుళాయి నీరు ఏ వాడకు చివర వచ్చుచున్నది, వీధిదీపము ఏ వాడలో చివర వెలుగుచున్నది అని ప్రతి పంచాయతి సభ్యుడును తన్ను తాను ప్రశ్నించుకొనిన, ఈ దూరదేశపు వ్యాజ్యము మన ఇంటి ముంగిటిదే యని తోచును.

మనము గ్రహింపదగినవి

అమెరికా బరోను మన ఊరిలో నాటవలెనని ఈ వ్యాసము ఉద్దేశము కాదు. మన సంస్థకు మన చరిత్ర కలదు. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము సిఫారసు చేసినది. 1959 అక్టోబరు 2న రాజస్థానములోని నాగౌరులో పంచాయతీరాజ్ ప్రారంభమైనది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లోను ఆరంభమైనది. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతికి రాజ్యాంగములో స్థానమిచ్చెను. 29 విషయములను పంచాయతీలకు అప్పగింపదగినవిగా పేర్కొనెను. స్త్రీలకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు స్థానములను ప్రత్యేకించెను. ఇట్టి ప్రత్యేకింపు మెటచెన్ కౌన్సిలులో లేదు. ఈ విషయమున మన సభలే ముందున్నవి.

అయినను మెటచెన్ నుండి మూడు విషయములు గ్రహింపదగినవి.

మొదటిది, పన్ను. పైనుండి వచ్చు నిధులపైననే బ్రతుకు సంస్థకు మాట విలువ తక్కువ. ఇంటిపన్నును న్యాయముగా విధించి, వాయిదా తప్పక వసూలు చేసి, ఎగవేసినవారి భారము ఎవరిపై పడుచున్నదో సభలో చెప్పవలెను. ఓటు పోవునను భయముతో పన్ను అడుగని పంచాయతి తన అధికారమును తానే వదలుకొనుచున్నది.

రెండవది, లెక్క. 15వ ఆర్థిక సంఘము గ్రామీణ సంస్థల గ్రాంటులకు లెక్కలను బహిరంగపరచవలెనను నిబంధన పెట్టెను. నిబంధన కొరకు కంప్యూటరులో చేర్చిన అంకెలు ఊరివారికి చేరినట్లు కాదు. వచ్చినదెంత, ఖర్చయినదెంత, మిగిలినదెంత అని పంచాయతి గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుటకు అయ్యెడి ఖర్చు స్వల్పము. దానివలన కలుగు నమ్మకము గొప్పది. పన్ను కట్టినవానికి లెక్క కనబడినప్పుడే వచ్చే ఏడు అతడు తిరిగి కట్టును.

మూడవది, చోటు. కొత్తగా వచ్చినవానికి, పగలు పనికి పోవువానికి, ఊరి చివరి వాడవానికి సభలో చోటుండవలెను. పొరుగు ఊరితో నీటికి, చెత్తకు, దారికి కలిసి పనిచేయుటకు మనసులోను చోటుండవలెను.

ఏడు చదరపు కిలోమీటర్ల మెటచెన్ తన పొరుగువాని కంటె ఎన్నడును పెద్దది కాజాలదు. అయినను ఆ ఊరి సభలో సాయంకాలము ఒక పౌరుడు లేచి, “నేను కట్టిన పన్ను ఏమైనది?” అని అడిగినప్పుడు పుస్తకము తెరచి జవాబు చెప్పువారు కలరు. మన గ్రామసభలో ఆ ప్రశ్న వినబడుట పంచాయతికి అవమానము కాదు. దానికి వెంటనే జవాబు చెప్పగల పంచాయతి ఎంత చిన్నదైనను నిలుచును.